ట్యాగ్ లేని పాట

2022లో కరీంనగర్ బస్టాండు వెనక సందులో నాకు ఒక చిన్న మొబైల్ షాపు ఉండేది. ఇప్పటికీ ఉంది. బోర్డు మీద రీచార్జ్, కవర్లు, స్క్రీన్ గార్డులు అని రాసి ఉంటుంది కానీ నా అసలు పని ఆ బోర్డు మీద లేదు. కొత్త డీజే పాటలు వెతికి వినడం, వాటిలో పనికొచ్చేవి ఏరి డీజే బండ్లవాళ్లకు చెప్పడం నా పని. ఒకప్పుడు మెమరీ కార్డుల్లో ఎక్కించి ఇచ్చేవాణ్ని. కార్డుల కాలం పోయాక వాట్సాప్ గ్రూపు పెట్టాను. ప్రతి శుక్రవారం అందులో కొన్ని పాటలు వేస్తాను. మెట్‌పల్లి నుంచి మంచిర్యాల దాకా పెళ్లి బరాత్‌లకు, నిమజ్జనాలకు బండ్లు తిప్పేవాళ్లు వాటిని తీసుకుంటారు.

ఇవి సినిమా పాటలు కావు, ఏ కంపెనీ విడుదల చేసినవీ కావు. ఇంట్లో పాత కంప్యూటర్ ముందు కూర్చుని కుర్రాళ్లు కట్టేవి. చాలావరకు చెత్త అని చెప్పడానికి నాకు మొహమాటం లేదు. ఎవడో చేసిన బీట్ మీద ఇంకెవడో తన పేరు అరిచి పంపిస్తాడు. ఆ అరుపునే ట్యాగ్ అంటారు. డ్రాప్ దగ్గర, అంటే బీట్ ఒక్క క్షణం ఆగి మళ్లీ విరుచుకుపడే చోట, ఒక బొంగురు గొంతు "డీజే ఫలానా" అంటుంది. మా లైన్లో సంతకం అదే. నాకు పాల్ అని పేరు పెట్టిన మా బాపు మెథడిస్టు చర్చిలో హార్మోనియం వాయించేవాడు. పాట మధ్యలో ఎవరైనా తాళం తప్పితే ఆ రోజు ఆయనకు అన్నం సయించేది కాదు. ఆ చెవి నాకు వచ్చింది. దాన్ని ఈ అరుపులు వినడానికి వాడుతున్నాను.

ఆ ఏడాది ఎండాకాలం ఒక తెలియని నంబరు నుంచి పాట వచ్చింది. ఫైలు పేరు "సాంచ" అని మాత్రమే ఉంది. సిరిసిల్ల వైపు మరమగ్గాన్ని సాంచ అంటారు. ఊరికే విందామని ఇయర్‌ఫోన్ ఒక చెవిలో పెట్టుకుని, ఎవరిదో ఫోనుకు గార్డు అతికిస్తున్నాను. గార్డు వంకరగా అతుక్కుంది. ఆ పాటలో డప్పు లేదు, తీన్మార్ లేదు. మగ్గం చప్పుడును లూప్ చేశాడు, అంటే ఒక చిన్న ముక్కను తెంపి మళ్లీ మళ్లీ తిప్పాడు. ఆ చప్పుడులో ఒక చిన్న తడబాటు ఉంది. రెండు దెబ్బలు సమంగా పడి మూడోది వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతుంది. ఆ ఆలస్యం దగ్గరే అతను కింద బేస్ పెట్టాడు. కూర్చున్న మనిషి భుజం దానంతట అదే కదులుతుంది. అన్నేళ్లలో అలాంటిది నేను వినలేదు. ట్యాగ్ కోసం చివరిదాకా చూశాను. లేదు.

వెంటనే ఫోన్ చేశాను. కుర్రాడి పేరు నరేష్. సిరిసిల్లలో తండ్రి రాజేశంతో కలిసి సొంత సాంచలు నడుపుతున్నాడు.

"ట్యాగ్ ఎందుకు పెట్టలే తమ్మీ?" అన్నాను.

"పెట్టిన గదా పాలన్నా."

"ఎక్కడ? నాకు ఇనపడలే."

"గా తడబడేది మా సాంచనే అన్నా. దానికి ఎడమ దిక్కు నాడె జర లేటుగ వడ్తది. మా గల్లీల కండ్లు మూసుకొని ఇన్నా, గిది రాజేశం సాంచ అని చెప్తరు. నోటితోని పేరు ఒర్లుడెందుకు?"

నాడె అంటే మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తి పోగు నేసేది. గల్లీ దాటితే దాని చప్పుడు ఎవడికి తెలుస్తుందని అడిగాను.

"ఇనేటోళ్లకు తెలుస్తది," అన్నాడు. ఆ గొంతులో పొగరు లేదు. పుట్టినప్పటి నుంచి సాంచల మధ్య పెరిగినవాడికి, చప్పుడును బట్టి మగ్గాన్ని గుర్తుపట్టడం మనం మనిషిని గొంతును బట్టి గుర్తుపట్టినంత మామూలు విషయం. అందరి చెవులూ అలాగే ఉంటాయనుకున్నాడు. ట్యాగ్ పెట్టమని నేను రెండుసార్లు చెప్పి చూశాను. పాట ఖరాబు అవుతుందన్నాడు. నిజమే, అయ్యేది.

అతనికి కావలసింది వేరే ఉంది. సాంచలకు పని రావడం లేదు. రాజేశానికి చెవులు దాదాపు పోయాయి, మోకాళ్లు కూడా. కరీంనగర్‌లో పెద్ద డీజే బండ్లు నడిపే మల్లేశం అనే ఆసామి దగ్గర మిక్సింగ్‌కు ఒక మనిషి కావాలి. నెల జీతం, కొత్త కంప్యూటర్. మల్లేశం పెట్టిన షరతు ఒక్కటే, ఈ సీజన్‌లో నడిచిన పాట చేసినవాడై ఉండాలి.

"నువ్వు గ్రూపుల ఏస్తె నడుస్తదన్నా. నడిస్తె నాకు కొలువు దొరుకుతది. లేకుంటె భీవండి పోవుడే," అన్నాడు నరేష్. సిరిసిల్లలో పని దొరకనివాళ్లు కూలికి మగ్గాలు నడపడానికి పోయే ఊరు అది, మహారాష్ట్రలో.

శుక్రవారం దాకా ఆగకుండా ఆ రోజే వేశాను. కింద వేరే మెసేజ్‌లో "సిరిసిల్ల నరేష్ చేసిన పాట. ఈ ఏడాది నేను విన్నవాటిలో ఇదే నంబర్ వన్" అని రాశాను. ఒక పాట గురించి నేను అంత గట్టిగా రాయడం అరుదు.

పాట నడిచింది. ఎంతగా నడిచిందంటే పెళ్లిళ్ల సీజన్ సగం అయ్యేసరికి మందమర్రి బొగ్గుగని కాలనీల్లో కూడా అదే. అయితే గ్రూపుల్లో జనం పాటను ఫార్వర్డ్ చేస్తారు, కింద రాసిన మాటను ఎవరూ ఫార్వర్డ్ చేయరు. పాట ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోతూ పేరును వెనక్కి వదిలేసింది. ఒకరోజు మా షాపు ముందు నుంచి బరాత్ పోతుంటే విన్నాను. తడబాటు ఉంది, బేస్ ఉంది, సరిగ్గా డ్రాప్ దగ్గర ఒక గొంతు తన పేరు చెప్పుకుంది. ఈ ఊళ్లోనే ఉండే ఇంకో డీజే గొంతు అది. ఖాళీ గోడ కనిపిస్తే పోస్టర్ అంటించినంత తేలిగ్గా అతికించేశాడు.

వారం తిరగకముందే మల్లేశం ఆ గొంతువాడికి కొలువు ఇచ్చాడని తెలిసింది. నరేష్ మర్నాడు పొద్దున బస్సుకే వచ్చాడు. షాపు మూసి ఇద్దరం మల్లేశం గోదాముకు పోయాం. మల్లేశం పెద్ద పెద్ద సౌండ్ బాక్సుల మధ్య కుర్చీ వేసుకుని చాయ్ తాగుతున్నాడు. మమ్మల్ని కూర్చోమన్నాడు, మాకూ చాయ్ చెప్పాడు. చెడ్డవాడు కాదు.

"గా పాట ఈ పిలగాడు చేసిండు మల్లేశన్నా. మొదలు నాకే పంపిండు," అన్నాను.

"కావచ్చు పాలన్నా. కాదంటలేను. గని పాటల ఎవని పేరు ఇనపడితె గది వానిదే. పబ్లిక్‌కు గంతే తెలుసు."

నరేష్ అన్నాడు, "గా సప్పుడు మా సాంచది సేటు. జర మంచిగ ఇనుర్రి. మూడో దెబ్బ ఎన్కకు వస్తది. వేరే ఏ సాంచకూ అట్ల రాదు."

మల్లేశం పాట పెట్టాడు. గోదామంతా దద్దరిల్లింది. శ్రద్ధగానే విన్నాడు. "నాకైతె అన్ని సాంచలు ఒక్క తీర్గనే ఇనపడుతున్నయి బిడ్డా," అన్నాడు.

నా ఫోనులో ఉన్న మొదటి ఫైలు, గ్రూపులో దాని కింద నేను రాసిన మాట చూపించాను. ఇంకొకడి పాటలోంచి ట్యాగ్ కోసేసి తనదని ఎవరైనా పంపుకోవచ్చన్నాడు. అదీ నిజమే, మా లైన్లో రోజూ జరిగేదే. అప్పుడు నాకు ఒక దారి తోచింది. సిరిసిల్ల పోదాం, సాంచ నడిపిద్దాం, పక్కనే పాట పెడదాం. రెండూ ఒకటేనని ఎంత మొద్దు చెవికైనా తెలిసిపోతుంది. మల్లేశం కూడా సరేనన్నాడు. "పా, ఇప్పుడే పోదాం. జీపు ఉన్నది," అని లేచాడు కూడా.

నరేష్ లేవలేదు. చేతిలో చాయ్ గ్లాసు అలాగే పట్టుకుని ఉన్నాడు.

"సాంచ లేదన్నా," అన్నాడు నాతో. "మొన్ననే తుక్కుకు ఏసినం. సుత్తెలతోని పలగ్గొట్టి కొంటవోయిండ్రు."

మల్లేశం మళ్లీ కూర్చుని, "అరె," అన్నాడు. ఆ ఒక్క మాటలో బాధ ఉంది, కానీ కొలువు లేదు.

ఇంకో పాట చేయమని నరేష్‌కు ఆ తర్వాత చాలాసార్లు చెప్పాను. "దేనితోని చెయ్యాలన్నా?" అనేవాడు. కంప్యూటర్ ఉంది కదా అంటే నవ్వేవాడు.

అతను భీవండి పోయే ముందు రోజు మధ్యాహ్నం నేను సిరిసిల్ల వెళ్లాను. ఎందుకు వెళ్లానో నాకే సరిగ్గా తెలియదు, ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. సాంచలు ఉండే గది ఖాళీగా ఉంది. నేల మీద వాటి కాళ్ల గుర్తులు, నూనె మరకలు మిగిలాయి. రాజేశం గడప పక్కన మంచం మీద పడుకుని ఉన్నాడు. నరేష్ బ్యాగు సర్దుకుంటున్నాడు. నేను పలకరిస్తే రాజేశానికి వినపడలేదు. దగ్గరికి పోయి గట్టిగా చెప్పినా తల ఊపాడంతే.

అంతలో గల్లీ చివర ఒక బరాత్ తిరిగింది. డీజే బండి ఇంకా కనిపించలేదు, బేస్ మాత్రం ముందు వచ్చింది. కిటికీ ఊచలు, మంచం కోళ్లు అదిరాయి. అదే పాట. రాజేశం కళ్లు తెరిచాడు. మంచం పట్టెను అరచేత్తో నొక్కి పట్టుకుని కాసేపు చూశాడు. తర్వాత కాళ్లు కిందికి దించి, గోడ పట్టుకుని ఖాళీ గదివైపు నడవబోయాడు.

"గా సాంచ ఎవలు నడుపుతుండ్రురా?" అన్నాడు. "ఎడమ దిక్కు లేటుగ వడ్తుంది. నాడె ఎగిరి ఎవలికన్న తాకుతది. ఆపుర్రి."

నరేష్ లేచి వెళ్లి ఆయన్ను రెండు భుజాలూ పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టాడు. బండి వాళ్ల వాకిలి ముందుకు వచ్చింది. డ్రాప్ దగ్గర ఆ బొంగురు గొంతు తన పేరు చెప్పుకుంది, పిల్లలు ఈలలు వేశారు. బండి మలుపు తిరిగి చప్పుడు సన్నబడేదాకా ఆగి, నరేష్ తండ్రి చెవి దగ్గర నోరు పెట్టి, "ఆపిన బాపూ," అన్నాడు.

నేను ఇప్పటికీ శుక్రవారం పాటలు వేస్తున్నాను. కొత్తగా పంపే కుర్రాళ్లకు మొదట చెప్పేది ట్యాగ్ పెట్టమని, పాట ఖరాబైనా సరే. చెప్పిన ప్రతిసారీ సిగ్గేస్తుంది. మంచి పాట తన పేరు తానే తెచ్చుకుంటుందన్న మాట ఇప్పుడు ఎవరితోనూ అనను. వినేవాళ్లకు తెలుస్తుందని నరేష్ అన్నది అబద్ధం కాదు. ఈ జిల్లాలన్నీ ఆ పాటకు ఆడాయి, అందులో ఒక్క మనిషికి అది ఎవరి సాంచో తెలిసింది. ఆయన చెవిటివాడు, ఆయన్ను ఎవరూ అడగలేదు.