తెల్ల కాయిదం పెట్టి చూడుమన్నది

మా అక్క కండ్లకు ఏ రోగం లేకుండె. అప్పుడు లేదు, ఇప్పుడు లేదు. ఈ ఒక్క ముక్క నా గొంతుల ఎన్నేండ్ల సంది అడ్డం పడి ఉన్నదో! మింగితే దిగదు, కక్కుదామంటే రాదు. ఇంట్ల చెప్పుకుందామంటే ఎవలకని చెప్పాలె? అందుకే మీకు చెప్తున్న. మీరెవరో నాకు తెల్వదు, నేనెవరో మీకు తెల్వదు. గదే మంచిగున్నది. నడుమల "అయ్యో" అనబుద్ధయితే ఆమెను తల్సుకొని అనున్రి. నన్ను తల్సుకొని అనకున్రి.

అక్క అంటే తోడవుట్టినామె కాదు, నా యారాలు. మా ఆయన అన్నకు పెండ్లాం. సిద్దిపేటల మా మామకు లగ్గపత్రికలు అచ్చేసే ప్రెస్సుండె. సీసపు అక్షరాలు ఒక్కొక్కటి ఏరి పేర్చే కాలం నుంచి నడిచిన ప్రెస్సు. తొంభైలు సగం దాటినంక గజ్వేల్ల ఎవరో కంప్యూటర్ పెట్టిన్రు, పత్రికలు అద్దం లెక్క వస్తున్నయని మా గిరాకీ అటు మళ్లవట్టింది. మామ రెండు నెలలు గొణిగి గొణిగి, ఆఖరికి మనం గూడ ఒకటి కొందామన్నడు.

అక్క తల్లిగారిల్లు తొగుట. టైపు పరీక్ష ఫస్టు క్లాసుల పాసైంది. ఆమె వేండ్లు మిషిని మీద పడితె వాన పడ్డట్టే ఉండేది. బావ భీవండిల బట్ట నేసే సాంచల కాడ పని చేస్తుండె, దసరాకొకపారి, ఎండకాలం ఒకపారి వచ్చిపోతుండె. అక్కకు ఒక్కటే ఆశ. కంప్యూటరొస్తే తను టైపు చూసుకుంటది, బావను పిలిపిస్తె ఆయన అచ్చు మిషిని చూసుకుంటడు, ఇగ భీవండి బందు. ఈ మాట ఆమె మామకు చెప్పలే, అత్తకు చెప్పలే. నాకు చెప్పింది. వంకాయలు కోసుకుంట చెప్పింది. నన్ను నమ్మి చెప్పింది.

నేనా? నేను కొత్తకోడల్ని. డిగ్రీ చదివిన్నని, హైదరాబాద్ల మా చిన్నమ్మ ఇంట్ల ఉండి ఆరు నెలల కంప్యూటర్ కోర్సు చేసిన్నని నాకు తలకాయ నిండ పొగరు. నిండుకుండ తొణకదంటరు. నేను సగం కుండను. బాగ తొణికిన.

మామ, అక్క, నేను ముగ్గురం కలిసి సికింద్రాబాద్ పోయినం. డబ్బా, కీబోర్డు, ప్రింటరు బేరం తొందరగనే అయింది. తెర కాడ ఆగినం. బల్ల మీద రెండు మానిటర్లు పక్కపక్కన పెట్టిన్రు. ఒకటి నున్నగ, కొత్తగ, మెరుస్తున్నది. ఇంకోటి పాత టీవీ లెక్క బరువుగ ఉన్నది. రెండింటికి గుణాలు రాసిన కాయిదాలిచ్చిన్రు. తెరకు రెండు లెక్కలుంటయ్. అడ్డంగ ఎన్ని చుక్కలు పడ్తయనేటిది ఒకటి, సెకనుకు ఎన్నిసార్లు బొమ్మను తిరగగీస్తదనేటిది ఒకటి. మెరిసేదానికి వెయ్యిన్ని ఇరవై నాలుగు, ఎనభై ఏడు. బరువుదానికి ఎనిమిది వందలు, డెబ్బై రెండు. ఇగ చూడాల్సింది ఏమున్నది? రెండు లెక్కలల్ల మెరిసేదే పెద్దది. మామకు చెయ్యి తిప్పి తిప్పి చెప్పిన, పత్రిక మొత్తం ఒక్కపారే కనిపిస్తది మామా, కిందికి మీదికి జరుపుడు ఉండదని. మామ నా నోట్ల అంకెలు విని మురిసిండు.

ఆ తెర మీద నల్లటి నీళ్లల్ల రంగురంగుల చాపలు తిరుగుతున్నయ్. మస్తు అందంగున్నయ్. అక్క వంగి చూసింది.

"చెల్లె, మనం చాపలు అచ్చేస్తమా? తెల్ల కాయిదం పెట్టి, దాని మీద మన అక్షరాలు పెట్టి చూపియ్యుమను" అన్నది.

చీర కొన్నా ఆమె గంతే. దుకాణంల లైటు కింద చూడది, వాకిట్లకు పట్టుకొచ్చి ఎండకు పెట్టి చూస్తది. దుకాణపోడు నవ్విండు. ఆ నవ్వు నాకు సూది లెక్క దిగింది. "ఇది చీరల దుకాణం కాదక్కా, జర ఊకో" అన్న. పదిమందిల అన్న. ఆమె బల్ల కాడికెల్లి వెనుకకు జరిగింది.

ఇంతవరకు చేసింది తప్పే కాని, పాపం కాదు. తెల్వక చేసిన. తెల్వక చేసినదానికి మనిషి ఇన్నేండ్లు ఏడువదు.

తెర ఇంటికొచ్చింది. కొబ్బరికాయ కొట్టినం, పసుపు కుంకుమ పెట్టినం. కుర్చీల అక్కనే కూసొవెట్టిన్రు. ఆమె వేండ్లకు వారం దినాలు చాలినయ్, అప్పటికే పాత చెయ్యి లెక్క కొట్టవట్టింది. కాని పత్రిక పని అంటే పొద్దంత తెల్లటి పుట మీద నల్లటి అక్షరం. దుకాణంల నల్లటి నీళ్ల మీద కనిపించని గుణం ఈడ బయటపడ్డది. తెల్లటిది మొత్తం మినుకుమినుకు అంటుండె. అక్షరాల తలకట్లు, అడుగున వత్తులు, సన్నటి గీతలన్ని సన్నగ వణుకుతుండె. పగలు మూడయ్యేసరికి అక్క కండ్లెంట నీళ్లు కారుతుండె. కొంగుతోని ఒత్తుకొని మళ్ల కొట్టేది. నాకు కూడ తల పలిగిపోయేది. ఎవ్వలకు చెప్పలే. నేను ఏరికోరి తెచ్చిన తెర కద!

రెండు నెలలకు ప్రింటరు బాగుచేయనీకి పట్నం నుంచి ఒకాయన వచ్చిండు. ఆ పూట ప్రెస్సుల నేనొక్కదాన్నే ఉన్న. ఆయన తెర చూసి మొఖం చిట్లిచ్చిండు. దీన్ని వెయ్యి చుక్కల మీద ఎందుకు పెట్టిన్రు, వెయ్యి మీద ఇది పూరాగ గీయదు, ఒకపారి ఒక గీత విడిచి ఒక గీత గీస్తది, ఇంకోపారి విడిచినయి గీస్తది, ఎనభై ఏడంటే సగం సగం కలిపి చెప్పిన లెక్క అన్నడు. ఎనిమిదొందల మీద పెట్టుకోమన్నడు. తనే పెట్టి చూపిచ్చిండు. తెర ఠక్కున నిలవడ్డది. చెరువుల గాలి ఆగినట్టు నిలవడ్డది. అక్షరం కదల్తలేదు. నాకు పానం లేసొచ్చింది, అబ్బ అనిపిచ్చింది.

ఇగ ఇప్పుడు వినున్రి. ఆయన అటు పోయిండు, నేను ఇటు తెరను మళ్ల వెయ్యి మీదికి తిప్పిన.

ఎందుకు తిప్పిన? ఎనిమిదొందల మీద పెడితె పత్రిక మొత్తం కనిపియ్యదు, సగమే కనిపిస్తది. మామ అడుగుతడు. గా బరువు తెర కూడ ఎనిమిదొందలదే కద బిడ్డా, మరి దీనికెందుకు ఎక్కువ పైసలు పెట్టించినవని అడుగుతడు. అక్క తెల్ల కాయిదం ముచ్చట తీస్తది. కాదు, తియ్యది. ఆమె అసొంటిది కాదు. తియ్యకుంట ఊకుంటది చూడున్రి, అది నేను ఓర్వలేకపోదును. మెల్లగ చెప్దాం, పండుగ పోయినంక చెప్దాం అనుకున్న. పండుగ పోయింది. ఎన్నో పండుగలు పోయినయ్.

పొద్దుమీకి అక్క వంట చేయనీకి ఇంటికి పోయేది. అప్పుడు నేను కూసుందును. కూసొంగనే తెరను ఎనిమిదొందలకు తిప్పుకుందును. సల్లగ, నిమ్మళంగ పని చేసుకుందును. లేసేముందు మళ్ల వెయ్యి మీద పెట్టి బందు చేద్దును. ఒక్కనాడు మర్చిపోలే. దేవునికి దీపం పెట్టుడు మర్చిపోయిన్నేమో కాని, ఇది మర్చిపోలే. తెల్లారి ఆమె వచ్చి గా వణికే తెర ముందట కూసునేది. అది తిప్పుకోవచ్చని ఆమెకు తెల్వది. ఆమె టైపు నేర్చుకున్నది, సెట్టింగులు నేను నేర్పలే.

ఒకనాడు మధ్యానం ఆమె కుర్చీలకెల్లి లేసింది. రెండు కండ్లు ఎర్రగ ఉన్నయ్. అరచేతులతోని అదుముకుంట నా దిక్కు తిరిగింది.

"చెల్లె, అక్షరాలు వణుకుతున్నయే. నీకు గట్ల కనిపిస్తలేదా?"

"లేదక్కా. నాకు మంచిగనే కనిపిస్తున్నయ్."

"నిజంగనా?"

"నేను పొద్దుమీకి కొడ్తలేనా? తెర మంచిగనే ఉన్నది. నీ కండ్లే ఒకపారి చూపిచ్చుకోరాదు?"

ఆమె నన్ను చూసింది. అబద్ధం పట్టుకోనీకి చూసినట్టు కాదు. నా మాటను పట్టుకొని నిలవడనీకి చూసినట్టు చూసింది. తర్వాత తల ఊపింది.

"అట్లనే ఉన్నట్టుందే. నాకే ఏదో అయితున్నది" అన్నది.

నా నోట్లె మన్నువడ! గాడ ఆగి ఒక్క మాట అంటే అయిపోవు. రెండుపార్లు నొక్కితే ఆమె కండ్లు ఆమెకు తిరిగొచ్చేటియి. నేను లేసి చాయ పెట్టిన.

కంటి డాక్టరు నజరు బాగనే ఉన్నదన్నడు. చుక్కల మందిచ్చి పంపిండు. అత్త ఊకుంటదా? ఈ డాక్టరుకు దొరుకని రోగమేదో ఉన్నదన్నది. అక్క చెయ్యి మెల్లగయింది. లగ్గాల సీజన్ల గిరాకీ నెత్తి మీద కూసొని ఉంటరు, ఆమె ఒక్కో అక్షరం కండ్లు చికిలించి చూసుకుంట కొడ్తది. నాది జల్ది అయ్యేది. కాదా మరి? నా తెర నిలవడి ఉన్నది, ఆమెది వణుకుతున్నది. ఒకటే తెర అది. ఒకనాడు మామ అందరి ముందట, చిన్నకోడలి చేతిల పనున్నదన్నడు. నిజం చెప్తున్న, ఆ మాటకు నా కడుపు సల్లగయింది. అంతదాక సిగ్గుకు దాచిన్ననుకున్న. ఆనాటి సంది ఏమని చెప్పాలె? కుళ్లని చెప్పాలె. మెల్లమెల్లగ ఆ కుర్చీ నాకు కావల్సొచ్చింది.

దసరా దాటినంక మామ అక్కను పిలిచి, పానం కన్న పత్రికలు ఎక్కువ కాదు బిడ్డా, ఇంట్ల చూసుకో అన్నడు. ప్రేమతోనే అన్నడు. అక్క ప్రెస్సు తాళంచెయ్యి కొంగుముడి విప్పి నా చేతుల పెట్టింది. "నువ్వు చెప్పకపోతే నాకు తెల్వకపోవునే, కండ్లు పూరాగ పోగొట్టుకుందును" అన్నది. నాకు పున్నెం కట్టింది! దొంగకు తేలు కుట్టినట్టు నిలవడ్డ.

ఇంట్ల కూసున్న నెలకు ఆమెకు నీళ్లు కారుడు ఆగింది. తల నొప్పి పోయింది. ఇంకేమున్నది, అందరికి సాక్ష్యం దొరికె. చూసినవా, ఆమె కండ్లకు కంప్యూటర్ పడలే అన్నరు. వాడలందరు అన్నరు. ఆమె కూడ అన్నది. బావను పిలిపిచ్చే ముచ్చట మళ్ల ఎత్తలే. ఎత్తనీకి ఆమె చేతిల ఏమున్నది? ఆయన భీవండిలనే ఉన్నడు. ఆఖరికి తిరిగొచ్చిండు కాని, దూది పీల్చి పీల్చి దగ్గుతోని వచ్చిండు. రాత్రి ఆయన దగ్గు మా అర్రలకు ఇనవడ్తది. మా ఆయన నిద్రపోతడు. నేను లెక్కవెడ్తుంట, ఏ ఏడాది వచ్చి ఉంటే దగ్గు ఉండకపోవునని.

ఇంకోటి కూడ చెప్పి పారేస్తా. రెండేండ్లకు గా తెర కాలిపోయింది. కొత్తది కొననీకి నేనొక్కదాన్నే పోయిన. ఫ్లాపీల ఒక లగ్గపత్రిక వేసుకొని పోయిన. దుకాణంల గుణాల కాయిదం చేతికిచ్చిన్రు, మడిచి పక్కన పెట్టిన. తెల్ల పుట పెట్టున్రి, మా అక్షరాలు చూపియ్యున్రి అన్న. ఎదురుంగ చూసిన, ఓరకంట చూసిన, దూరం జరిగి చూసిన. నాలుగు తెరలు చూసి, ఒక్క వత్తు కూడ కదలని తెర పట్టుకొచ్చిన. అక్క మాట అక్కకు చెప్పకుంట వాడుకున్న. అప్పుడన్న, రా అక్కా, ఒక్కపారి కూసొని చూడరాదు అందునా? అనలే. కూసుంటె ఆమెకు కనిపిస్తదని భయం.

ఇప్పుడు ప్రెస్సు లేదు. కండ్లద్దాలు నాకొచ్చినయ్. ఆమెకు లేవు. అయినా మా ఇంట్ల కండ్లు మంచియి లేనిది ఆమెనే. పేపరు చదవది, చదివి చెప్పుమంటది. కొత్త చీర కొంటె ఎండకు పెట్టి చూడది, నా చేతికిచ్చి ఎట్లున్నది చెల్లె అంటది. చూసేటి పని ఏదొచ్చినా పక్కకు జరిగి కూసుంటది.

మొన్న అర్ర ముందట కూసొని బియ్యం ఏరుతున్న. అద్దాలు ఏడనో పెట్టి మర్చిపోయిన. చాటను మొఖం కాడికి లేపుకొని వెతుకుతున్న. అక్క నీళ్ల బిందె ఎత్తుకొని పోతున్నది. నా కాడికి రాంగనే ఆగింది. బిందె దించి, వంగి, చాటలకెల్లి ఒక తెల్లటి రాయి తీసి బయటికి ఇసిరింది. తెల్ల బియ్యంల తెల్ల రాయి. నేను గాడనే మూడుపార్లు చెయ్యి తిప్పిన, నాకు కనిపియ్యలే.

నేను తలెత్తి ఆమెను చూసిన. ఆమె సిగ్గువడి నవ్వింది. "నాకేడ కనిపిస్తదే, అందాజుగ తీసిన" అన్నది. బిందె ఎత్తుకొని పోయింది.

అందాజు కాదక్కా. నీకు కనిపిచ్చింది. ఆనాడు గూడ నీకు కనిపిచ్చిందే నిజం. వణికింది అక్షరాలే.

ఈ మాట ఆమె ముందట నా నోట్లెకెల్లి రాలే. వస్తదని మీకు మాటియ్య. చాట కింద పెట్టి, అద్దాలు వెతుక్కొని, ఇది రాయవట్టిన. ఇప్పుడు మీకు తెలిసింది. నాకు తెలుసు, మీకు తెలుసు. తెల్వనిది ఇంకా ఆమెకే.