అతుకు మీద కాలు

నేను కార్పెట్లు అతికిచ్చేటోన్ని. మొన్న సురంగల్ దిక్కు ఒక పటేల్ ఫామ్‌హౌస్‌కు పోయిన. హాలు పెద్దది, రెండు ముక్కలు కలపాలె. అంచులు దగ్గరకు వెట్టి, కింద టేపు పరిచి, వేడి ఇస్త్రీపెట్టెతోని దాని గమ్ము కరిగిచ్చుకుంట పోవాలె. ఆ వెనుకనే అతుకు మీద కాలు వెట్టి, సల్లారేదాంక తొక్కి పట్టాలె. మా పనంతా ఆ తొక్కుడులనే ఉన్నది.

కాళ్లు కడుక్కొని, తుడుసుకొనే ఎక్కిన. సగం గూడ కాలే, పటేల్ తలుపు కాడికెల్లి ఒర్లిండు. "ఏయ్, కాళ్లు తియ్! రేపు దానిమీద లీడర్లు కూసుంటరు."

సమజు జేద్దామని నోరు తెరిసిన. "నాకు జెప్తవా?" అన్నడు. పొద్దటిసంది మోకాళ్లతోని దానిమీదనే పాకినోన్ని, కాలు వెడితే మైలవడ్తదట! మిగిలింది తొక్కకుండనే అతికిచ్చి బయటికొచ్చిన.

తెల్లారి మీటింగుల అతుకు లేసి, ఒక లీడర్ కాలు తట్టుకొని బోర్ల వడ్డడట. ఫోన్ల పటేల్ నన్ను నోటికొచ్చినట్టు తిట్టిండు. మళ్ల పోయిన. మళ్ల టేపేసిన, ఇస్త్రీపెట్టె తిప్పిన. ఈసారి కాలు మాత్రం వెట్టలే.

"పటేలా, తొక్కకుంటే మళ్ల లేస్తది. మీరే తొక్కున్రి. సల్లారేదాంక కదలకున్రి" అన్న.

నా మొకం జూసి ఏమనుకున్నడో, చెప్పులిడిసి ఎక్కిండు. నేను సామాను సదురుకున్న, చేతులు కడుక్కున్న, బండికి బాక్సు కట్టుకున్న. పటేల్ గట్లనే నిలవడ్డడు.

అతుకు సల్లారి శానా సేపయింది. దిగుమని నేను చెప్పలే.