తెల్లపావులు బావవే

చొరవ టైలరుకి ఒక్కటే జబ్బు. ఏ పనిలోనైనా మొదటి ఎత్తు తనదే కావాలి. ఇక చదరంగంలో తెల్లపావులు ఇంకొకరి చేతిలో కనిపించాయా, ఆయనకి ఊపిరాడదు.

ఈ జబ్బు వల్ల అందరికంటే ఎక్కువ నలిగినవాడు పక్క కొట్లో కళ్లజోళ్లు అమ్ముకునే ఆయన బావ. టైలరు చెల్లెల్ని చేసుకున్నాడు కాబట్టి ఈయన ఆయనకి బావ, ఆయన ఈయనకీ బావే. ఎవరైనా వరండాలో నిలబడి "బావగారున్నారా?" అంటే ఇద్దరూ లేచి వస్తారు. ముందు వచ్చేది మాత్రం టైలరే.

మనిషి గుమ్మంలో కాలు పెట్టగానే టైలరు "బుధవారం రండి" అనేస్తాడు.

"నేనింకా బట్టే ఇవ్వలేదండీ!"

"ఇచ్చాక ఎప్పుడు రమ్మంటారని అడుగుతారుగా? మీరు అడిగేదాకా నేనెందుకు కూర్చోవాలి? చొరవ మనది!"

ఒకసారి ఎవరో కొత్తాయన బుగ్గ పట్టుకుని, పళ్ల డాక్టరు ఎక్కడని అడగడానికి వచ్చాడు. బుధవారం రమ్మంటే డాక్టరు బుధవారం గానీ దొరకడు కాబోలనుకుని, అందాకా ఆ బుగ్గ పట్టుకునే తిరిగాడు. పాపం బుధవారం మళ్లీ వస్తే, నోరు తెరిచేలోపు టైలరు ఆయన నడుం కొలిచేశాడు.

పక్కింటివాళ్లతో ఎప్పటికైనా పేచీ రావచ్చని ముందుగానే వెళ్లి క్షమించమని అడిగొచ్చాడు. దేనికి క్షమించాలో తెలియక వాళ్లకి అనుమానం పట్టుకుంది. ఇల్లంతా వెతుక్కున్నారు, ఏమీ పోలేదు. అప్పుడు ఇంకా అనుమానం పెరిగింది. పేచీ అలా మొదలైంది.

మధ్యాహ్నాలు గిరాకీ ఉండదు. రెండు కొట్ల షట్టర్లూ సగానికి దించి, బట్టలు కత్తిరించే బల్ల మీద బోర్డు పరిచేవాళ్లు. కళ్లజోళ్లాయన కుర్చీ లాక్కునేలోపే తెల్లపావులు అవతల వరస కట్టి ఉండేవి.

"బావా, ఈ ఒక్కరోజూ తెల్లవి నాకివ్వవూ?"

"ఏం, నల్లవి కరుస్తున్నాయా?"

"అది కాదు. ఊరికే, ఒక్కసారి."

"చూడు బావా. మొదట్లో ఎవడు మీదపడితే చొరవ వాడిది. రెండోవాడు వాడి వెనకాలే తలుపులు మూసుకుంటూ పరిగెత్తాలి. నువ్వు పరిగెత్తు. ఒంటికి మంచిది."

అంటూనే రాజు ముందున్న బంటును రెండు గళ్లు తోసేవాడు. మరుక్షణమే ఇంకో బంటును ఎరగా పడేసేవాడు. గుర్రాలింకా నిద్ర లేవకముందే మంత్రిని వీధిలోకి తెచ్చేవాడు. కాసేపు బోర్డంతా హడావిడి. ఆ తర్వాత మంత్రి పోయేది, ఏనుగులు పోయేవి, రాజు ఓ మూల బిక్కమొహం వేసుకుని నిలబడేవాడు.

"మళ్లీ ఓడిపోయావు బావా."

"ఓడితే ఓడాను. చొరవ ఎవరిది?"

రోజూ గెలుస్తున్నా కళ్లజోళ్లాయన మనసుకి తృప్తి లేదు. గెలుపెవరిక్కావాలి? ఆయనకి కావలసింది ఆ మొదటి ఎత్తు ఒక్కటే. భార్య ఉన్న రోజుల్లో అది ఆమెది. ఆమెకి చదరంగంలో వచ్చిందల్లా ఆ ఒక్క ఎత్తే. అన్నగారికీ మొగుడికీ టీలు తెచ్చిపెట్టి, మొగుడి భుజం మీంచి చెయ్యి చాపి, రాజు ముందున్న బంటును రెండు గళ్లు తోసి, "నా పని అయిపోయింది. ఇక మీ తంటాలు మీరు పడండి" అని కొంగు దులుపుకుని వెళ్లిపోయేది. ఆమె పోయాక ఆ బంటు ఈయన చేతికి రాలేదు. ఆ చెయ్యి మళ్లీ భుజం మీంచి వస్తుందని కాదు. కనీసం ఆ బంటును తన చేత్తో జరిపితే ఆమె పక్కన నిలుచున్నట్టుంటుందని ఆశ. ఆ ఆశ మీద రోజూ బావ చొరవ తీసుకునేవాడు. చెల్లెలి గుర్తని కూడా లేకుండా లాక్కుంటున్నాడే అని కళ్లజోళ్లాయన లోపల కుతకుతలాడేవాడు.

ఇలా ఉండగా టైలరు బస్సు ఆగకముందే దిగాడు. బస్సు కంటే ముందు ఆగుదామనుకున్నాడట. మడమ మెలిపడి, కాలికి కట్టుతో ఇంట్లో పడ్డాడు. టైలరు కొట్టు మూతపడింది. కళ్లజోళ్లాయనకి మధ్యాహ్నాలు గడవడం కష్టమైంది. తుడిచిన అద్దాలే మళ్లీ తుడిచాడు. చివరికి షట్టరు దించేసి బావని చూడడానికి వెళ్లాడు.

గది గుమ్మంలోనే ఆయన కాళ్లు ఆగిపోయాయి. మంచం మీద దిండుకి ఆనుకుని టైలరు, ఎదురుగా ఆయన భార్య, మధ్యలో చదరంగం. తెల్లపావులు ఆవిడవి! టైలరు నల్లపావులతో ఆవిణ్ణి చితక్కొడుతున్నాడు.

"అదేంటక్కయ్యా! నాకు ఒక్కరోజు ఇమ్మంటే ఇవ్వడే, నీకెలా ఇచ్చాడు?"

"అమ్మాయ్, మాట్లాడకు" అన్నాడు టైలరు భార్యతో, కంగారుగా.

"నువ్వూరుకో" అందావిడ మొగుణ్ణి. కోపమొస్తే ఆవిడకి 'మీరు' గుర్తుండదు. "ఈయనకి తెల్లవంటే చేతకాదు తమ్ముడూ. చిన్నప్పట్నించీ నల్లవే. నల్లవిస్తే పులి."

"మరి చొరవో?"

"చొరవా పాడా! మా ఆడపడుచు పోయిన కొత్తల్లో మీరిద్దరూ ఇక్కడే ఆటకి కూర్చున్నారు, గుర్తుందా? తెల్లవి నీవి. ఆ బంటు మీద వేలు పెట్టి అలా ఉండిపోయావు. టీ చల్లారింది, మళ్లీ వేడి చేసి తెచ్చాను, అదీ చల్లారింది. ఆడకుండానే లేచి వెళ్లిపోయావు. మర్నాటినించీ ఈయన బోర్డు తిప్పేశాడు."

కళ్లజోళ్లాయనకి ఆ వేలు గుర్తొచ్చింది. బంటు ఎంత బరువెక్కిందో గుర్తొచ్చింది. అదంతా ఇన్నాళ్లూ ఎలా మర్చిపోయాడో ఆయనకే తెలియలేదు.

"మొదలుపెట్టడం నీవల్ల కాదు. ఎదుటివాడు ఆడితే జవాబు మాత్రం చెప్పగలవు" అన్నాడు టైలరు, గోడకేసి చూస్తూ. "అందుకని తిప్పాను."

"మరి ఆ బుధవారాలూ, ఆ క్షమాపణలూ?"

"ఒక్క బోర్డు మీదే చొరవ చూపిస్తే నువ్వు కనిపెట్టేస్తావని... ఊరందరి మీదా చూపించాల్సొచ్చింది. పోనుపోను అలవాటైపోయింది. ఆ పళ్లనొప్పాయన ఇప్పటికీ నన్ను తిడుతుంటాడు."

కళ్లజోళ్లాయనకి నవ్వొచ్చింది. మంచం అంచున కూర్చుని, పావులన్నీ మొదటికి సర్ది, తెల్లవి తనవైపు తిప్పుకున్నాడు. రాజు ముందున్న బంటు మీద వేలు పెట్టాడు.

అక్కయ్య టీ పెట్టడానికి లేవబోయి మళ్లీ కూర్చుంది. టైలరు చెయ్యి చొరవ తీసుకోబోయింది. ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

బంటు రెండు గళ్లు జరిగింది.

"నా పని అయిపోయింది. ఇక మీ తంటాలు మీరు పడండి" అన్నాడు కళ్లజోళ్లాయన. గొంతు ఆయనదే గానీ మాట విరుపు ఆమెదే. చెల్లెలు ఇప్పుడే కొంగు దులుపుకుని వంటింట్లోకి వెళ్లినట్టు టైలరు ఆ గుమ్మం వైపు చూశాడు. చూసి, కళ్లు తుడుచుకుని, నల్లగుర్రాన్ని పట్టుకున్నాడు.

తర్వాత పడిన తంటాలన్నీ కళ్లజోళ్లాయనవే. టీ చల్లారకముందే ఆయన రాజు మూలకి చేరాడు.

"అన్యాయం బావా! ఇన్నేళ్లూ ఈ ఆట ఎక్కడ దాచావు? రేపు కూడా తెల్లవి నాకే, చెప్తున్నా."

టైలరు కట్టు కట్టిన కాలు దిండు మీదికి జరుపుకుని అన్నాడు: "రేపు కుదరదు. బుధవారం రండి."