మునిరాజు విన్న పాట

బంగారు గనులు మూతబడ్డాక మారికుప్పంలో మేం కొందరం కలిసి పెట్టిన రాక్ బ్యాండ్‌కు మునిరాజు డ్రమ్మర్. బ్యాండ్ ఎప్పుడో చెదిరిపోయింది. వాడు ఆవని అనే పల్లెలో ఆవులు పెట్టుకున్నాడు. నేను ఇంట్లోనే చిన్న స్టూడియో నడుపుకుంటున్నాను. అప్పట్లో రికార్డు చేసి వదిలేసిన మా పాటొకటి ఈ మధ్యే పూర్తి చేసి, వినిపిద్దామని ఈ రోజు వాణ్ని పిలిచాను.

వాడికి వినికిడి తగ్గిందని తెలుసు. అందుకే హెడ్‌ఫోన్లు పెట్టి, సౌండు బాగా పెంచి పాట వేశాను. కళ్లు మూసుకుని తొడల మీద తాళం వేయసాగాడు. పాట అయిపోయింది. వాడి చేతులు ఆగలేదు. ఇంకా కాసేపు వాయించి, గాల్లోనే సింబల్ పళ్లెం మీద ఆఖరి దెబ్బ కొట్టి కళ్లు తెరిచాడు.

"భలే వచ్చిండాది రా! కడాకు సింబల్ ఎంత బాగా వినిపిస్తాండాదో!"

వాడికి ఏమీ వినపడలేదని, గుర్తున్నదే వాయించాడని అప్పుడర్థమైంది.

"ఏమన్నా మార్చాల్నా?" పెదాలు కనిపించేలా నిదానంగా అడిగాను.

"వద్దప్పా, ఇట్లే ఉండనీ."

బస్సెక్కించేదాకా ఆ మాట ఎత్తలేకపోయాను. మీరైతే చెప్పేవారా?

వాడికి ఫేస్‌బుక్ లేదు, ఆ ధైర్యంతోనే ఇక్కడ రాస్తున్నాను. పాట కింద పెట్టాను. బాగాలేకపోతే నన్ను తిట్టండి, మిక్సింగ్ నాది. డ్రమ్స్ నచ్చితే నాలుగు మాటలు రాయండి. వాడికి చూపిస్తాను, చదువుకుంటాడు.