సంచి ఎవరికి చూపించాలి

స్టెల్లా మొదటిసారి మా ఇంటికొచ్చి వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగింది. హ్యాండ్‌బ్యాగు జిప్పు ఈ చివర నుంచి ఆ చివర దాకా లాగి, లోపలున్నవన్నీ ఒక్కొక్కటే పైకి తీసి, "కర్చీఫ్ కనపడటం లేదక్కా" అంది. రెండోసారి వచ్చినప్పుడూ అంతే, మూడోసారీ అంతే. పాపం మతిమరుపు మనిషి అనుకుని ఏటా క్రిస్మస్‌కి ఆమెకి అరడజను కర్చీఫులు కొనిచ్చేదాన్ని. అలా పదకొండేళ్ళు ఇచ్చాను. పదకొండేళ్ళూ ఆమె నవ్వి తీసుకుంది. జిప్పు తెరవడం మాత్రం మానలేదు.

దాని సంగతి నాకు తెలిసింది మొన్న వేసవిలో, స్టెల్లా వాళ్ళు విశాఖపట్నం ప్రయాణం పెట్టుకున్నప్పుడు.

నేనూ స్టెల్లా ఉండేది తెనాలి, ఉద్యోగం రేపల్లెలో, ఒకే ఆఫీసు. పొద్దున్నే రేపల్లె ప్యాసింజర్లో ఎదురెదురుగా కూర్చుంటే మా రెండిళ్ళలో దాగే విషయం ఉండదు. స్టెల్లా భర్త రాజారత్నం అంగలకుదురు మనిషి, స్కూలు టీచరు. చర్చిలో పాడేటప్పుడు తప్ప మిగతా సమయమంతా ఎవరో ఒకర్ని ఆటపట్టిస్తూనే ఉంటాడు. కూతురు సింధు డిగ్రీ చివరి ఏడాది. స్టెల్లా తల్లి సారమ్మగారు కూడా వాళ్ళతోనే ఉంటుంది. ఆవిడది ఏ ఊరని అడిగితే బాపట్ల దగ్గర అనేది స్టెల్లా. బాపట్ల దగ్గర ఎక్కడ అంటే, బాపట్ల దాటాక అనేది. అక్కడితో మాట మారిపోయేది.

సారమ్మగారికి డెబ్భై ఎనిమిదేళ్ళు. సూర్యలంకలో సముద్రం చూసింది గానీ, ఓడని ఎప్పుడూ దగ్గర్నుంచి చూడలేదు. ఒక్కసారి చూడాలని ఆవిడ కోరిక. హోటల్లో దిగుదామంటే ఆవిడ బయటి తిండి తినదు, పూటకి ఒకసారైనా జావ కాచాలి. అందుకని సింధు ఫోన్లో వెతికి, రోజుల లెక్కన అద్దెకిచ్చే ఇల్లొకటి పట్టింది. వంటగది, హాలు, రెండు గదులు, బాల్కనీలోంచి సముద్రం. ఇంటావిడ జ్యోత్స్న అనే అమ్మాయి, అదే ఊళ్ళో ఉద్యోగం. ఆ అమ్మాయి వచ్చేవాళ్ళందరి ఆధార్ కార్డులూ పంపమంది.

ఆ రోజు రైల్లో స్టెల్లా టిఫిన్ డబ్బా మూత తియ్యలేదు. వేమూరు దాటాక, పక్కన ఎవరూ లేరని చూసుకుని నెమ్మదిగా చెప్పింది.

"మా అమ్మ కార్డు మీద స్టూవర్టుపురం అని ఉందక్కా."

నేను "ఓహో" అన్నాను. అంతకన్నా బుద్ధిగల మాట ఒక్కటి కూడా నా నోటికి రాలేదు. ఆ ఓహో గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మా వైపు వాళ్ళకి ఆ పేరు చెబితే చాలు. తెల్లవాళ్ళ కాలంలో కొన్ని కులాల వాళ్ళని పుట్టుకతోనే దొంగలని చట్టం రాసేసి, ఒకచోట ఊరు కట్టి కాపలా పెట్టారు. సారమ్మగారి నాన్న రోజూ వెళ్ళి హాజరు చెప్పుకుని వచ్చేవాడట. ఆ చట్టం పోయి డెబ్భై ఏళ్ళు దాటింది. ఆ ఊళ్ళో ఇప్పుడు టీచర్లున్నారు, నర్సులున్నారు, మా స్టెల్లా లాంటి సీనియర్ అసిస్టెంట్లున్నారు. ఊరి పేరు వినగానే జేబు తడుముకునే వాళ్ళు కూడా ఇంకా ఉన్నారు. అందుకే సారమ్మగారు పిల్లలకి చిన్నప్పుడే ఒకటి నేర్పింది. ఎవరింటికెళ్ళినా, బయల్దేరేముందు సంచి తెరిచి చూపించి రావాలి. అడిగాక చూపిస్తే అది సోదా, అడక్కముందు చూపిస్తే మర్యాద అని ఆవిడ మాట.

నా అరవై ఆరు కర్చీఫులూ వరసగా గుర్తొచ్చాయి. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు కార్డు చూసి ఆ అమ్మాయి ఇల్లు ఇవ్వనంటే సారమ్మగారి మొహం ఎలా చూడాలన్నది స్టెల్లా మొదటి భయం. ముగ్గురమే వస్తున్నామని రాద్దామంది. సింధు ససేమిరా ఒప్పుకోలేదు. అత్తయ్య కార్డు కూడా అంగలకుదురుకి మార్పిస్తే మా ఊరి జనాభా ఒకటి పెరుగుద్దని రాజారత్నం సలహా ఇచ్చాడు. చివరికి నాలుగు కార్డులూ పంపారు. టిక్కులు నీలం రంగులోకి మారాయి. జవాబు లేదు. ఆ రోజు లేదు, మర్నాడు మధ్యాహ్నం దాకా లేదు. ఆఫీసులో స్టెల్లా ఒకే ఫైలు మూడుసార్లు విప్పి మూడుసార్లు కట్టింది.

సాయంత్రం రైల్లో ఉండగా సింధు ఫోన్ చేసింది. జ్యోత్స్న సరేనంది. కొత్త సిలిండరు పెట్టించిందట. తాళంచెవి గుమ్మం పక్క డబ్బాలో ఉంటుంది, నంబరు నొక్కితే తెరుచుకుంటుంది, వెళ్ళేటప్పుడు మళ్ళీ అందులో పడేస్తే చాలు, తాను రానక్కర్లేదని చెప్పిందట.

హమ్మయ్య అని నేను అనేలోపు స్టెల్లా మొహం ఇంకా పాలిపోయింది.

"ఎవరూ ఉండరా? మరి సంచి ఎవరికి చూపించాలి?"

అసలు భయం అక్కడ మొదలైంది. ఇంటివాళ్ళు కళ్ళెదుట ఉంటే ఏ బాధా లేదు. తాళం తీసుకుని మనమే లోపలికెళ్ళి, మనమే బయటికొస్తే, రేపు ఒక చెంచా తగ్గినా కార్డుల్లో ఎవరి ఊరు చూస్తారు? అమ్మ ఊరే చూస్తారు.

స్టెల్లా తనకి తోచిన దారి వెతుక్కుంది. ఆ ఇంటి సామాను దేన్నీ ముట్టుకోకుండా, వంటకి కావలసిన గిన్నెలన్నీ మన ఇంటివే తీసుకెళ్ళాలి, వాటి మీద పేరు ఉండాలి. తెనాలిలో స్టీలు సామాను కొట్టు బయట పేర్లు చెక్కే ఆయన దగ్గర కూర్చుని నాలుగు కంచాలు, నాలుగు గ్లాసులు, కుక్కరు, టీ గిన్నె, ఆఖరికి గరిటె కాడ మీద కూడా స్టెల్లా అని చెక్కించింది. ఆ మిషను రొద చేస్తుంటే రాజారత్నం తన వీపు చూపించి, ఇక్కడ కూడా చెక్కించు, తప్పిపోతే ఎవరో ఒకరు తెచ్చిస్తారన్నాడు. స్టెల్లా వినిపించుకోలేదు. గరిటె మీద వత్తు సరిగా పడలేదని మళ్ళీ చెక్కించింది.

అక్కడ ఉన్న నాలుగు రోజుల సంగతీ సింధు చెప్పింది. తలుపు తీయగానే స్టెల్లా ఫోన్ పట్టుకుని ఇల్లంతా ఫోటోలు తీసింది. ఫ్రిజ్ లోపల కూడా తీసింది. హాల్లో అల్మారా మీద చిన్న ఇత్తడి ఏనుగు ఉంది. సారమ్మగారు దాని మీద తన టవలు కప్పి, ఆ వైపు ఎవర్నీ పోనివ్వలేదు. మొదటి రెండు రోజులూ ఆవిడ సోఫా చివర, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బస్సు కోసం కూర్చున్నట్టు కూర్చుంది. మూడో రోజు ఓడని చూసింది. ఎర్రటి ఓడ. ఇంత ఇనుం నీళ్ళ మీద ఎట్టా నిలబడిందే అని సింధు చెయ్యి పట్టుకుందట. అంతవరకే సంతోషం. ఇంటికి రాగానే మళ్ళీ సోఫా చివర.

బయల్దేరే పొద్దున సంచులన్నీ హాల్లో తెరిచి పెట్టి జ్యోత్స్నకి వీడియో కాల్ చేశారు. ఎత్తలేదు. మళ్ళీ చేశారు. ఎత్తలేదు. రైలుకి టైమవుతోంది. ఏనుగుకి చూపించి రా అత్తయ్యా అన్నాడు రాజారత్నం. సారమ్మగారు నవ్వలేదు. టవలు పైకెత్తి, తన సంచి ఆ ఏనుగు ముందు తెరిచి పట్టుకుని, మళ్ళీ టవలు కప్పేసి వచ్చింది.

వాళ్ళు తెనాలిలో దిగిన మధ్యాహ్నం నేను అన్నం, చారు క్యారియర్లో పట్టుకెళ్ళాను. స్టెల్లా సామాను విప్పుతోంది. టీ గిన్నె తీసి బోర్లించింది. లోపలి నుంచి ఒక చిన్న స్టీలు వడపోత టంగుమని నేల మీద పడింది.

దాని మీద పేరు లేదు.

అంత పకడ్బందీగా అన్నీ చెక్కించిన మనిషి టీ వడపోత తీసుకెళ్ళడం మర్చిపోయింది. అక్కడ గోడకి వేలాడుతున్నది రాజారత్నం తీసి వాడాడు. కడిగిన గిన్నెలో అదీ కలిసిపోయింది. స్టెల్లా దాన్ని ముట్టుకోలేదు. సారమ్మగారు గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది.

"నా కాగితమే కదే ఆ పిల్ల దగ్గరుంది" అంది.

రాజారత్నం ఈసారి ఏ హాస్యమూ ఆడలేదు. ఊరుకుంటే ఆ అమ్మాయి అసలు గమనించదేమో అని గొణిగాడు. మెసేజ్ పెడతానంది సింధు. స్టెల్లా అడ్డంగా తలూపి, ఫోన్ తానే తీసుకుంది. అందరం వినాలని స్పీకర్ పెట్టింది. ఈసారి ఎత్తారు.

"అమ్మా జ్యోత్స్నా, మా అమ్మది స్టూవర్టుపురం. మీ టీ వడపోత ఒకటి మా గిన్నెలో వచ్చేసింది. తెలిసి తేలేదమ్మా. రేపే పంపించేస్తాం."

సారమ్మగారు కళ్ళు మూసుకుంది. నేను క్యారియర్ పిడి పట్టుకుని నిలబడ్డాను, కింద పెట్టాలని కూడా తోచలేదు.

"ఏ పురం ఆంటీ?"

"స్టూవర్టుపురం."

"అదెక్కడండి? మీరు తెనాలి కదా."

బాపట్లకీ చీరాలకీ మధ్య అని స్టెల్లా చెప్పింది. ఆ అమ్మాయి అలాగా అంది, చాలా మామూలుగా. వడపోత ఉంచేసుకోమంది. ఉంచుకోం అంది స్టెల్లా, మాట పూర్తి కానివ్వకుండా. సరే మీ ఇష్టం ఆంటీ, మీ టవలు కూడా ఇక్కడ ఉండిపోయింది, ఏనుగుకి జలుబు చేసిందా అని పనావిడ అడుగుతోంది, అని నవ్వి పెట్టేసింది.

సింధు నవ్వింది. రాజారత్నం నవ్వాడు. స్టెల్లా నవ్వబోయి ఏడ్చింది. సారమ్మగారు మాత్రం కళ్ళు తెరిచి మా అందరి వంకా కోపంగా చూసింది.

"స్టూవర్టుపురం తెలీదంటదేంటి ఆ పిల్ల? రైలు టేషనుంది కదే."

మర్నాడు పార్సిలు పంపడానికి స్టెల్లా, సారమ్మగారు, నేను పోస్టాఫీసుకెళ్ళాం. పంపేవారి చిరునామా తెనాలిది రాయబోతుంటే సారమ్మగారు ఆపింది. తన పేరు, ఊరు, మండలం అన్నీ పెద్ద అక్షరాలతో రాయించింది. కౌంటర్లో గుమాస్తా డబ్బా తిప్పి చదివాడు. చదివి తలెత్తాడు. స్టెల్లా చెయ్యి అప్పుడే డబ్బా మూత మీదికి వెళ్ళింది, అడక్కముందే తెరిచి చూపించడానికి.

"పిన్‌కోడ్ వెయ్యలేదండి" అన్నాడతను.

సారమ్మగారు కౌంటరు అంచు పట్టుకుని ముందుకు వంగి, ఒక్కో అంకే నిదానంగా చెప్పింది.