ఒక్క తూటా పేలాక

మొన్న ఎన్నికల ప్రకటన వెలువడిన మర్నాడే జగ్గయ్యపేట స్టేషను నుంచి కానిస్టేబుల్ ఫోన్ చేశాడు. "కోడ్ వచ్చిందండి. మీ రివాల్వర్ తెచ్చి డిపాజిట్ చేసెయ్యండి సార్, ఎస్సై గారు లిస్టు అడుగుతున్నారు" అన్నాడు. లైసెన్సు ఉన్నవాళ్ళందరికీ ఎన్నికలప్పుడు ఇది మామూలే. అప్పగించి, ఓట్ల లెక్కింపయ్యాక తెచ్చుకుంటాం. మా నాన్న పోయాక అది నా పేరుకు మారింది. బీరువాలోంచి తీసి, చుట్టిన గుడ్డ విప్పి చూశాను. ఏమీ అనిపించలేదు. ఏమీ అనిపించకపోవడం నాకు కొత్తేమీ కాదు.

నా ఈడువాళ్ళకు మా పత్తి మిల్లు గుర్తుండే ఉంటుంది. నాన్న పత్తి కోసం చందర్లపాడు, వీరులపాడు, మైలవరం వైపు ఊళ్ళన్నీ తిరిగేవాడు. దారులు మంచివి కావని ఎవరో చెబితే ఈ లైసెన్సు తెచ్చుకున్నాడు. తెచ్చుకున్నాడన్న మాటే గాని దాన్ని వెంట పెట్టుకు వెళ్ళింది తక్కువ, వచ్చిన చుట్టాలకు చూపించింది ఎక్కువ. దసరాకు మిల్లులో రెంచీలకూ కాటాలకూ మిషన్లకూ పసుపు కుంకుమలు పెట్టాక, పీట మీద నట్టనడుమ రివాల్వరుకే పెద్ద బొట్టు. అందరూ దిష్టి గుమ్మడికాయను నేలకేసి కొడితే, మా నాన్న మాత్రం దానికి చిల్లుపెట్టి కుంకుమనీళ్ళు పోయించి, పాత పురికొసతో వేపకొమ్మకు వేలాడదీయించి, పది అడుగుల దూరం నుంచి ఒక్క తూటాతో కొట్టేవాడు. ఎర్రనీళ్ళు చిమ్మి, తాడు తెగి, కాయ దబ్బున కిందపడి ముక్కలయ్యేది. కూలీలు చప్పట్లు కొట్టేవారు, బాబాయి ఈల వేసేవాడు. కాయను పగలగొట్టింది తూటానా, నేలా అన్న అనుమానం ఏ ఒక్క ఏడూ మాలో ఏ ఒక్కరికీ రాలేదు.

డిగ్రీ అయ్యాక నేను మిల్లులో పనికి కుదిరిన రెండో ఏడు, బాబాయి పత్తి బేళ్ళు కట్టే ప్రెస్సు మేస్త్రీ మీద నలుగురిలో చెయ్యి చేసుకుని పనిలోంచి తీసేశాడు. నాన్న తమ్ముడైన బాబాయిది మంచి మనసే, ముక్కు మీద కోపం. నాలుగోనాడు పొద్దున పదకొండు గంటలప్పుడు, ఎండ నడినెత్తికి ఎక్కుతుండగా, ఆ మేస్త్రీ గొడ్డలి పట్టుకుని గేటు లోపలికి వచ్చాడు. నేరుగా బాబాయి వైపు వచ్చాడు. బాబాయి అతణ్ణి చూసి వెనక గేటు వైపు పరుగెత్తాడు. నాన్న ఆఫీసు గదిలోంచి రివాల్వరుతో వచ్చి, బాబాయి వెంటపడి తన ముందునుంచి అడ్డంగా పరుగెత్తుతున్న మేస్త్రీని గుమ్మడికాయను కొట్టినంత దగ్గరనుంచే కొట్టాడు. తగిలింది. కుడి రొమ్ము కింద చొక్కా ఎర్రబడడం నేను కళ్ళారా చూశాను.

చూసి అరిచాను. "ఆగు బాబాయ్, అయిపోయింది!" అన్నాను.

బాబాయి ఆగాడు. ఆగి వెనక్కి తిరిగాడు. నాన్న చెయ్యి కిందికి దించాడు. మిల్లు మొత్తం, ఇక వాడు పడిపోతాడని నిలబడి చూసింది. వాడు పడలేదు. కనీసం తడబడలేదు. అదే పరుగుతో ఇంకో ఏడెనిమిది అంగలు వేసి బాబాయి మెడ మీద ఒకే ఒక దెబ్బ వేశాడు. తరవాత గొడ్డలి వదిలేసి, గేటు పక్క టీ బడ్డీ దాకా నడిచివెళ్ళి, బల్ల మీద కూర్చుని మంచినీళ్ళు అడిగాడు. ఇచ్చారు కూడా. సగం గ్లాసు తాగాక అప్పుడు ఒరిగిపోయాడు.

నందిగామ ఆసుపత్రి చేరకముందే బాబాయి నా ఒళ్ళో పోయాడు. మేస్త్రీ బతికాడు.

విచారణకు వచ్చిన ఇన్‌స్పెక్టర్ పెద్దమనిషి. నాన్నను కూర్చోబెట్టి మెల్లగా చెప్పాడు. చిన్న తుపాకి తూటా మనిషిని తోసెయ్యదట, వేలు పట్టేంత చిల్లు పెడుతుందట, అంతే. మెదడుకో వెన్నెముకకో తగిలితే తప్ప, గుండెకే తగిలినా, ఒంట్లో నెత్తురున్న కాసేపూ కోపంతో ఉన్నవాడు చేయదలచింది చేసేస్తాడట. చాలామంది పడిపోయేది దెబ్బకు కాదు, తుపాకి దెబ్బ తగిలిందని తెలిసి. "సినిమాల్లో లాగా ఉండదండి. మాకు ట్రైనింగులో చెప్పేది ఒకటే, మనిషి ఆగేదాకా అయిపోయిందనుకోవద్దని" అన్నాడు. మేస్త్రీ వాంగ్మూలంలో, ఎవరో రాయి విసిరారనుకున్నానన్నాడట. ఆ మాట విన్నరోజున నాన్న అన్నం ముందు కూర్చుని, కలిపిన ముద్ద కలిపినట్టే వదిలి లేచిపోయాడు.

తమ్ముణ్ణి కాపాడుకోవడానికే కాల్చాడని తేల్చి రివాల్వరు తిరిగి ఇచ్చారు. దసరా పీట మీదికి అది మళ్ళీ రాలేదు. ఊరంతా నాన్న ఇంకోటి పేల్చలేదే అంది. నాన్న కాదనలేదు. నా అరుపు నాన్న విన్నాడు, వినకుండా ఎలా ఉంటాడు, నా పక్కనే ఉన్నాడు. పోయేదాకా ఆ సంగతి నాతో అనలేదు, ఇంకెవరినీ అననివ్వలేదు. తప్పంతా తన నెత్తిన వేసుకుని వెళ్ళిపోయాడు. నేను వేసుకోనిచ్చాను. ఆ సంగతి సిగ్గుతో రాస్తున్నాను, కానీ ఆ సిగ్గు కూడా ఎక్కడో దూరంగా ఉంది, తిమ్మిరెక్కిన కాలిని గిల్లినట్టు.

ఇప్పుడు మిల్లు లేదు. ఆ స్థలంలో కల్యాణ మండపం కట్టారు. పెళ్ళివారు టపాకాయలు కాలిస్తే ఎవరూ తిరిగి కూడా చూడరు. ఆనాటి కూలీల్లో మిగిలినవాళ్ళు కనబడితే ఆరోగ్యం గురించి మాట్లాడుకుంటాం. రోడ్డు వెడల్పయి, నందిగామ అరగంటలో వచ్చేస్తోంది. అప్పుడు ఇలాంటి రోడ్డు ఉంటే అని మొదట్లో అనుకునేవాణ్ణి, ఇప్పుడు అదీ అనుకోను. బాబాయి తద్దినానికి ఏటా పిన్ని దగ్గరికి వెళ్తాను. ఆమెకు ఎనభై దాటాయి, చూపు తగ్గింది, జ్ఞాపకం తగ్గలేదు. విస్తరి ముందు నన్ను కూర్చోబెట్టి, నెయ్యి వేస్తూ, ఏ కోపమూ లేకుండా ఏటా అదే మాట అంటుంది. "మీ నాన్న ఇంకొక్కటి పేల్చుంటే మీ బాబాయి ఉండేవాడురా."

నేను ఊ కొడతాను.