సుందరరావుగారి గడియ పరీక్ష

తార్నాకలో సుందరరావుగారికి షుగరుందని ఒక పుకారుంది. చాలా గట్టి పుకారు. ఆకుకూరలమ్మే ఆమె నుంచి అపార్టుమెంటు ప్రెసిడెంటు దాకా అందరూ నమ్మేశారు. కాకరకాయ రసం తాగమని చెప్పినవాళ్లున్నారు, మెంతులు పొట్లం కట్టి ఇంటికే పంపినవాళ్లున్నారు. ఆయన భార్య కాత్యాయనిగారు ఆ మెంతులతో శుభ్రంగా పులుసు పెట్టేస్తున్నారు. ఇంతకీ ఆయనకు షుగరూ లేదు, బీపీ లేదు. భోజనమయ్యాక బెల్లం ముక్క నోట్లో పడనిదే పీట మీంచి లేవరు. నమ్మకం లేకపోతే కాత్యాయనిగారినే అడగండి. ఆయనకున్నదల్లా ఒక్క అలవాటు. సర్కారు ప్రాథమిక పాఠశాల కనిపిస్తే చాలు, లోపలికి వెళ్లి, "కాస్త బాత్రూము వాడుకోవచ్చాండీ?" అని అడుగుతారు.

యూనివర్సిటీలో ఏళ్ల తరబడి భూగోళం చెప్పి రిటైరైన మనిషి. ఇస్త్రీ చొక్కా, చంకలో గొడుగు. అలాంటి పెద్దాయన అడిగితే ఎవరు కాదంటారు? "అయ్యో, రండి సార్" అంటూ టీచర్ల బాత్రూము తాళంచెవి చేతిలో పెట్టబోతారు. ఆయన పుచ్చుకోరు.

"ఇది మీది కదమ్మా. పిల్లలది ఎక్కడ?"

"అది అంత బాగుండదు సార్."

"ఫర్లేదమ్మా, నేనూ అంత బాగుండను. పిల్లలందరూ వెళ్లిపోయారుగా?"

బడి వదిలి, ఆఖరి పిల్ల గేటు దాటితే తప్ప ఆయన అటు అడుగు వెయ్యరు. అంతవరకూ వరండాలో బుద్ధిగా నిలబడతారు. తర్వాత వెళ్తారు, వస్తారు. వచ్చాక ఫిర్యాదు చెయ్యరు. నడుం మీద చెయ్యేసుకుని, "గడియ పడట్లేదమ్మా. తలుపు తెరుచుకోకుండా ఒక కాలితో అదిమి పట్టుకున్నాను. ఈ వయసులో..." అని అక్కడ ఆపేస్తారు. ఆ ఆపడంలోనే ఉంది అంతా. హెడ్మాస్టర్లకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. వెళ్తూ వెళ్తూ, "వచ్చే మంగళవారం మళ్లీ ఇటువైపు పనుంది" అని కూడా చెబుతారు.

ఏ బడి మంచిది, ఏది కాదు అని ఎవరడిగినా ఆయన తీర్పు దీన్ని బట్టే. పొద్దున్నే క్యాంపస్‌లో నడవడానికొచ్చే ఒకాయన తన మనవడి కోసం అడిగాడు.

"నీళ్ల ట్యాంకు పక్క బడి ఎలా ఉంటుందండీ?"

"బకెట్టుంది, మగ్గు లేదు."

"చదువెలా ఉంటుందండీ?"

"చెప్పానుగా. మగ్గు లేదు."

క్యాంపస్‌లోని ఆడపిల్లల హాస్టల్ మెస్సులో చపాతీలు చేసే భాగ్యకు ఈ పరీక్ష సంగతి తెలియదు. ఆమె కూతురు శిరీష చదివే చిన్న ప్రైవేటు బడి వేసవిలో మూతపడింది. జూన్‌లోగా పిల్లను ఏదో ఒక సర్కారు బడిలో చేర్చాలి. పిల్ల బడికి పోతేనే తల్లి పనికి పోగలదు. అందుకని ఒకరోజు నడక దారిలో ఆయన్ను ఆపింది.

"సార్, మీరు బడులన్నీ తిరుగుతరంట గదా. మా పాపను ఏ దాంట్ల ఎయ్యాలె?"

"రైలు కట్ట పక్క బడిలో వెయ్యమ్మా. గడియ చాలా మంచిది. టక్కున పడుతుంది."

"గడియ ఏంది సార్?"

"బాత్రూము తలుపుది."

"నేను సదువు గురించి అడుగుతున్న సార్!"

"నేనూ దాని గురించే చెబుతున్నానమ్మా."

"మరి గా రంగులేసిన బడి? గోడల మీద నెమళ్లున్నయి. టీవీల పాఠాలు చెప్తరంట."

ఆయన మొహం చిన్నబోయింది. "అక్కడి వాచ్‌మన్ మొగిలి నన్ను గేటు దాటనివ్వడమ్మా. బాత్రూము పెట్రోలు బంకులో ఉంది, పోయి రమ్మంటాడు. లోపల చూడని బడికి నేను మార్కులెలా వేస్తాను?"

భాగ్య మెస్సుకు వెళ్లి చపాతీ ఒత్తుతూ అందరికీ చెప్పింది. "సదువు అడిగితే తలుపు గడియ చెప్పిండు. మంచోడే పాపం. షుగర్ నెత్తికెక్కినట్టున్నది." పొయ్యిల దగ్గర అందరూ పడీ పడీ నవ్వారు. శిరీషను రంగుల బడిలోనే వేసింది.

బడి బాగానే ఉంది. టీచర్లు మంచివాళ్లు. శిరీష ఇంటికొచ్చి పండ్ల పేర్లన్నీ ఇంగ్లీషులో అప్పజెప్పేది. కానీ వానలు మొదలయ్యేసరికి పొద్దున లేస్తూనే కడుపునొప్పి అనడం మొదలుపెట్టింది. నింపి పంపిన నీళ్ల సీసా నింపినట్టే తిరిగొచ్చేది. ఆ పైన జ్వరం. భాగ్య పని మానేసి పిల్ల పక్కన కూర్చుంది. "ఇంకోసారి రాకుంటే వేరేటామెను పెట్టుకుంట" అని మెస్సు మేనేజరు ఫోన్ చేశాడు. డాక్టరమ్మ చూసి, "పిల్ల రోజంతా ఒంటికి పోకుండా ఆపుకుంటోంది. అందుకే నీళ్లూ తాగట్లేదు" అంది.

"ఎందుకు ఆపుకుంటున్నవే?"

"గడియ లేదమ్మా. పోరగాళ్లు తలుపు నూకి నవ్వుతరు. నేనిగ బడికి పోను."

భాగ్య మందులు కొని, అటునుంచి అటే సుందరరావుగారింటికి వెళ్లింది. నేను చెప్పలేదూ అంటారేమోనని దారంతా బెదురుతూనే ఉంది. ఆయన అనలేదు. "మొగిలి రానివ్వడు కదమ్మా" అని మాత్రం దిగులుగా అన్నారు.

"నాతోని రాండ్రి. ఎట్ల రానియ్యడో చూస్త."

బడి వదిలాక గేటు దగ్గర మొగిలి చెయ్యి అడ్డం పెట్టాడు. "సార్, మల్లొచ్చిన్రా? బంకు గట్లున్నది."

"మొగిలన్నా, మా పెద్దనాయన. పాప బడి సూడనీకి వచ్చిండు."

మొగిలి ఇస్త్రీ చొక్కాను ఒకసారి, పిండి మరకల చీరను ఒకసారి చూశాడు. "మీ పెద్దనాయన మాట ఆంధ్ర దిక్కుదున్నది?"

"మా అత్తగారి తరఫు."

"పెద్దనాయన అత్తగారి తరఫు ఎట్లయితడు?"

"గవన్నీ తర్వాత చెప్త. జల్ది గేటు తియ్యి, ముసలాయన ఆగలేడు!"

ఆ ఒక్క మాటకు గేటు తెరుచుకుంది.

హెడ్‌మిస్ట్రెస్ విజయశ్రీ కుర్చీ వేసింది, మంచినీళ్లిచ్చింది, తాళంచెవి ఇవ్వబోయింది. అన్నీ మామూలుగానే జరిగాయి. కాస్సేపటికి సుందరరావుగారు నడుం పట్టుకుని బయటికొచ్చారు. ఈసారి చేతిలో గొడుగు రెండు ముక్కలుగా ఉంది. "గడియ లేదమ్మా. గొడుగు అడ్డం పెట్టాను. ఈ వయసులో..."

"రాసి పంపి ఏడాది దాటింది సార్," అంది ఆవిడ, కళ్లెత్తకుండా. "పైనుంచి ఇంకా ఏమీ రాలేదు."

"ఫర్లేదమ్మా. వచ్చే మంగళవారం వస్తాను."

మంగళవారానికల్లా గడియ వచ్చింది. విజయశ్రీ హార్డ్‌వేర్ షాపు నుంచి తనే తెచ్చింది. మొగిలి స్టూలెక్కి బిగించాడు. ముసలాయన లోపల జారి పడితే తన ఉద్యోగానికి ముప్పని అతని భయం. ఆ తర్వాతి వారం బల్బు వెలిగింది. ఆపై వారం కొళాయికి నీళ్లొచ్చాయి. జ్వరం తగ్గి బడికెళ్లిన మొదటిరోజు శిరీష కొత్త గడియను వేసి తీసి, వేసి తీసి, లోపలే చాలాసేపు ఉండిపోయిందట. ఆ సాయంత్రం సీసా ఖాళీగా వచ్చింది. భాగ్య దాన్ని తలకిందులు చేసి మరీ చూసుకుంది.

కొళాయికి నీళ్లొచ్చిన మరుసటి వారం, బడి వదిలాక పిల్లను గేటు బయట మొగిలి దగ్గర నిలబెట్టి వచ్చిన భాగ్యకు వరండాలో సుందరరావుగారు ఎదురయ్యారు. కొత్త గొడుగు, అదే హడావుడి. ఆమె దారికి అడ్డంగా నిలబడింది.

"సార్, ఒక ముచ్చట అడుగుత, ఏమనుకోకుండ్రి. మీకు షుగర్ లేదంట, మీ ఇంట్ల అమ్మ చెప్పింది. మరి గిట్ల బడి బడికీ తిరుగుడెందుకు? ఒక కాయితం రాసిస్తే అయిపోదా?"

"కాయితమిస్తే రేపు రమ్మంటారమ్మా. దీన్ని రేపు రమ్మని ఎవరూ అనలేరు."

"అంటే ఇన్నొద్దులు మేడమ్‌కు అబద్ధం చెప్పిన్రా?"

"ఛ ఛ, అబద్ధమెందుకవుతుంది? బయల్దేరే ముందు రెండు చెంబుల నీళ్లు తాగే వస్తాను. ఇవాళ దాహమేసి మూడు తాగాను. నువ్వు కాస్త పక్కకి తప్పుకో తల్లీ!"